ముందు మెనూ, తర్వాత స్టవ్: క్యాంపింగ్ సామాను ఎలా ఎంచుకోవాలి

"మంచి టెంటు ఏది, మంచి స్టవ్ ఏది?" అని అడిగితే ఒక్క మాటలో చెప్పడం కష్టం. ముందు తేలాల్సిన సంగతి ఇంకొకటుంది: బండి టెంటు పక్కనే ఆగుతుందా, లేక సామానంతా వీపున వేసుకుని నడవాలా? బండి దగ్గరే ఉంటే బరువు గురించి టెన్షన్ అక్కర్లేదు. నిలబడి బట్టలు మార్చుకునేంత ఎత్తు టెంటు, మందపాటి మ్యాట్, రెండు బర్నర్ల స్టవ్, ఇనప పెనం, మడత కుర్చీలు, ఏవైనా వేసుకెళ్లొచ్చు. నడిచి వెళ్లేదైతే ప్రతి వస్తువునీ చేత్తో ఎత్తి చూసి, ఇది లేకపోతే ఏమవుతుందని ఆలోచించాలి.

చాలామందికి డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. రివ్యూల్లో, వీడియోల్లో తెగ మెచ్చుకునేది కొండలెక్కేవాళ్ల కోసం చేసిన తేలికపాటి సామానుని. దాని ఖరీదు ఎక్కువ, గుడ్డ పల్చన, లోపల చోటు తక్కువ. బండిలో వెళ్లేవాళ్లు అది కొంటే ఎక్కువ డబ్బిచ్చి ఇరుకు కొనుక్కున్నట్టే.

రెండో సంగతి రాత్రి చలి. వాతావరణ సూచనలో పగటి ఉష్ణోగ్రత చూసి బయల్దేరకండి, తెల్లవారుజామున ఎంతకి పడిపోతుందో చూడండి. ఆ సూచన కొండ కింద ఉన్న ఊరిది అయితే, పైకి వెళ్లే ప్రతి 1000 మీటర్లకీ సుమారు 6 డిగ్రీల సెల్సియస్ తగ్గించి లెక్కేసుకోవాలి. లోయ అడుగున చల్లగాలి దిగి నిలుస్తుంది కాబట్టి అక్కడ ఇంకాస్త చలి ఉంటుంది.

మూడోది తిండి. దీన్ని అందరూ చివరికి వదిలేస్తారు. నిజానికి ఏం తింటారో తేలితేనే ఏ స్టవ్ కావాలి, ఎంత గిన్నె కావాలి, ఎంత గ్యాస్ మోయాలి, ఎన్ని నీళ్లు కావాలి అన్నవి తేలతాయి. అందుకే ఈ రాతలో తిండికి ఎక్కువ చోటిచ్చాను.

పడక ముందు

డబ్బు ముందు ఎక్కడ పెట్టాలి అంటే నా ఓటు పడకకే. మామూలుగా జరిగేది ఏంటంటే, ముందు టెంటు కొంటారు, మిగిలినదాంతో స్లీపింగ్ బ్యాగ్, ఇంకా ఏమైనా మిగిలితే మ్యాట్. నేనైతే సరిగ్గా ఈ వరసని తిప్పేస్తాను. వాన లేని రాత్రి మామూలు టెంటులో కూడా హాయిగా నిద్రపోవచ్చు. నేల కింద నుంచి ఒంట్లో వేడి లాగేస్తుంటే మాత్రం ఎంత ఖరీదైన టెంటులోనైనా కన్ను మూతపడదు.

స్లీపింగ్ బ్యాగ్‌లో వేడిని ఆపేది దాని లోపల చిక్కుకుని ఉన్న గాలి. మనం పడుకోగానే వీపు కింద ఆ భాగమంతా నలిగి గాలి బయటికి పోతుంది. ఇక కింద వైపు చలిని ఆపే పని పూర్తిగా మ్యాట్ మీదే పడుతుంది. ఎంత చలిని ఆపగలదో చెప్పే అంకె పేరు ఆర్-వాల్యూ. ఇది ఎంత ఎక్కువైతే అంత వెచ్చదనం. ఒకప్పుడు ఒక్కో కంపెనీ ఒక్కోలా కొలిచేది. ఇప్పుడు పేరున్న కంపెనీలు చాలావరకు ఏఎస్‌టీఎం ఎఫ్3340 అనే ఒకే పరీక్ష ప్రకారం ఈ అంకె వేస్తున్నాయి కాబట్టి రెండు బ్రాండ్లని పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. వేసవి రాత్రులకి 2 లోపు చాలు. ఓ మాదిరి చలికి 3 నుంచి 4 ఉండాలి. మంచు మీద పడుకోవాలంటే 5 దాటాలి. రెండు మ్యాట్లు ఒకదాని మీద ఒకటి పరిస్తే ఈ అంకెలు కలిసిపోతాయి, అంటే 2 మీద 3 వేస్తే 5 అన్నమాట. చలికాలానికి ప్రత్యేకంగా ఇంకోటి కొనకుండా తప్పించుకునే దారి ఇది.

రకాల విషయానికొస్తే, మడతపెట్టే ఫోమ్ మ్యాట్ అన్నిటికన్నా చవక, బరువూ తక్కువే. ముల్లు గుచ్చుకున్నా దానికేం కాదు. కాకపోతే పల్చగా ఉంటుంది, వెచ్చదనమూ ఆర్-వాల్యూ 2 అటూఇటూ మాత్రమే. పక్కకి తిరిగి పడుకునేవాళ్లకి తుంటి నేలకి ఒత్తుకుంటుంది. గాలి నింపే మ్యాట్ మెత్తగా ఉండి సంచిలో చిన్నగా సర్దుకుంటుంది. దాంతో వచ్చే భయం చిల్లు ఒక్కటే, అతుకు వేసే కిట్ వెంట ఉంటే అదీ పెద్ద విషయం కాదు. నోటితో ఊదితే ఊపిరిలోని తేమ లోపలికి పోతుంది, అందుకని గాలి నింపే సంచి వాడటం మంచిది. వాల్వ్ తిప్పగానే కొంత గాలి తనే పీల్చుకునే రకం ఇంకొకటుంది. బరువు ఎక్కువ, కానీ బండిలో వెళ్లేవాళ్లకి నేను మొదట చెప్పేది అదే.

స్లీపింగ్ బ్యాగ్ మీద కనిపించే ఉష్ణోగ్రతని జాగ్రత్తగా చదవాలి. ఐఎస్‌ఓ 23537 ప్రమాణం ప్రకారం పరీక్షించిన బ్యాగ్ మీద సాధారణంగా మూడు అంకెలుంటాయి: కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్. కంఫర్ట్ అంటే చలి ఎక్కువగా అనిపించే మనిషి కూడా కాళ్లు చాపుకుని పడుకోగలిగే ఉష్ణోగ్రత. లిమిట్ అంటే ముడుచుకుని పడుకుంటే ఎలాగో తెల్లారుతుందన్నమాట. ఎక్స్‌ట్రీమ్ అనేది ప్రాణం మీదికి వచ్చినప్పటి లెక్క, దాన్ని చూసి బ్యాగ్ కొనకూడదు. కొన్ని కంపెనీలు పేరులో లిమిట్ అంకెని పెద్దగా వేసి, కంఫర్ట్‌ని లేబుల్ మీద చిన్నగా రాస్తాయి. మీరు వెళ్లేచోట తెల్లవారుజామున 5 డిగ్రీలుంటే, కంఫర్ట్ అంకె 5 కాదు, 0 ఉన్నది తీసుకోండి. ఉక్కపోస్తే జిప్ తీసుకోవచ్చు, చలేస్తే చేసేదేమీ ఉండదు.

లోపల బాతు ఈకలా, సింథటిక్‌దా? పొడి వాతావరణంలో వీపున మోసుకెళ్లేవాళ్లకి ఈకలదే పైచేయి. అదే వెచ్చదనానికి బరువు తక్కువ, నొక్కితే పిడికెడు అవుతుంది, జాగ్రత్తగా వాడుకుంటే చాలా ఏళ్లు వస్తుంది. తడిస్తే మాత్రం ఈకలు ఉండకట్టి పనికిరాకుండా పోతాయి, ఆరడానికీ చాలా సమయం పడుతుంది. వానలు పడే చోటికి, పిల్లలతో వెళ్లేవాళ్లకి, ఉతకడం మీద ఓపిక లేనివాళ్లకి సింథటిక్ నయం. తడిసినా కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది, త్వరగా ఆరుతుంది, ధరా తక్కువ. ఏది కొన్నా ఇంట్లో మాత్రం నొక్కి కట్టేసిన సంచిలో ఉంచకండి. పెద్ద గుడ్డ సంచిలో వదులుగా పెట్టాలి, లేదా అలమరలో వేలాడదీయాలి. నెలల తరబడి నలిగి ఉంటే ఏ రకమైనా పొంగే గుణం పోగొట్టుకుంటుంది.

ఊయల మీద మనసుపడేవాళ్లకి ఒక మాట. ఎగుడుదిగుడు నేలకి, తడి నేలకి ఊయల బాగుంటుంది, కానీ కింద నుంచి గాలి తగలడం వల్ల వీపు గడ్డకడుతుంది. లోపల మ్యాట్ వేసుకోవాలి, లేదా కింద వేలాడదీసే క్విల్ట్ (బొంత లాంటిది) కట్టాలి. కట్టడానికి సరైన దూరంలో రెండు గట్టి చెట్లు కూడా ఉండాలి.

టెంటు

ఇద్దరి టెంటు అని రాసి ఉంటే, రెండు మ్యాట్లు పక్కపక్కనే పట్టేంత చోటు అని అర్థం. మామూలు మ్యాట్ వెడల్పు సుమారు 50 సెంటీమీటర్లు. బ్యాగులకి, బూట్లకి, రాత్రి పొర్లే మనిషికి చోటు ఈ లెక్కలో లేదు. బండిలో వెళ్లేవాళ్లు మనుషుల సంఖ్యకి ఒకటో రెండో కలిపి కొనండి. నడిచేవాళ్లు అసలు సంఖ్యకే కొని, సామాను పెట్టుకోవడానికి బయట చిన్న వసారా ఉన్న డిజైన్ చూసుకోండి.

గుడ్డ ఎంత నీటిని తట్టుకుంటుందో మిల్లీమీటర్లలో రాస్తారు. పైకప్పు గుడ్డకి 1500 మి.మీ. ఉంటే మామూలు వానకి సరిపోతుంది. నేల గుడ్డ మీద మోకాళ్లు, మోచేతులు ఆనినప్పుడు ఒత్తిడి ఎక్కువ పడుతుంది కాబట్టి దానికి 3000 మి.మీ. దాకా ఉంటే నిశ్చింత. ఇంత రాసి ఉన్నా కుట్ల మీద టేపు లేకపోతే నీళ్లు సూది రంధ్రాల్లోంచి వస్తాయి, కాబట్టి అంకెల కన్నా ముందు కుట్లు చూడండి.

ఒకే పొర టెంటు తేలిక, కానీ తెల్లారేసరికి లోపలి గోడ మీద నీటి చుక్కలు నిలుస్తాయి. అవి వాన నీళ్లు కావు, మన ఊపిరిలోని తేమే చల్లటి గుడ్డకి తగిలి నీరవుతుంది. లోపల జాలీ, పైన వేరే రెయిన్‌ఫ్లై (వాన ఆపే పై గుడ్డ) ఉన్న రెండు పొరల టెంటులో ఆ చుక్కలు బయటి పొర మీదే ఉండిపోతాయి, పడక తడవదు. మొదటిసారి కొనేవాళ్లకి నా సలహా ఇదే: రెండు పొరలు, తనంతట తాను నిలబడే డోమ్ ఆకారం. పెగ్గులు (తాళ్లు బిగించడానికి దిగ్గొట్టే మేకులు) దిగని రాతినేల మీద కూడా నిలబడుతుంది, వేశాక జరపడం కూడా తేలిక. సొరంగం ఆకారపు టెంటులో అంతే బరువుకి చోటు ఎక్కువ వస్తుంది, కానీ పెగ్గులు బిగించకపోతే నిలబడదు. నడక కర్రల్నే స్తంభాలుగా వాడే టెంటు అన్నిటికన్నా తేలిక. దాన్ని బిగుతుగా వేయడానికి చేయి తిరగాలి, కొత్తవాళ్లు వానలో దాంతో కుస్తీ పడటం చూస్తుంటే జాలేస్తుంది.

పోల్స్, అంటే టెంటుని నిలబెట్టే కడ్డీలు, అల్యూమినియమా, ఫైబర్‌గ్లాసా అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. గాలి ఉన్న చోట పెద్దదే. ఫైబర్‌గ్లాస్ చవక, బరువు, విరిగితే పొడుగ్గా చీలిపోయి చేతికి నారలు గుచ్చుకుంటాయి. అల్యూమినియం వంగుతుంది. వంగినచోట గొట్టం తొడుగు ఎక్కించి యాత్ర పూర్తి చేయొచ్చు.

టెంటు కింద పరిచే పట్టా టెంటు నేల కంటే కాస్త చిన్నదిగా ఉండాలి. అంచు బయటికి కనిపిస్తే వాన నీళ్లన్నీ అందులో పడి నేరుగా మీ కిందికి చేరతాయి. ఇంటి నిండా వెతికి పెద్ద పట్టా తెచ్చుకున్నవాళ్లు ఈ మాట వినగానే మొహం చిన్నబుచ్చుకుంటారు. మడిచి వేస్తే సరిపోతుంది.

స్టవ్: మీ మెనూ ఏంటి?

నీళ్లు కాచి పొట్లంలో పోసుకు తినేవాళ్లకి ఒక స్టవ్, అన్నం పప్పు వండుకునేవాళ్లకి ఇంకో స్టవ్ కావాలి. ఈ తేడా చూడకుండా కొంటే అన్నం అడుగంటడం ఖాయం.

గ్యాస్ డబ్బా మీద బిగించే చిన్న బర్నర్ ఎక్కువమందికి సరిపోయేది. శుభ్రంగా మండుతుంది, సెగ పెంచడం తగ్గించడం తేలిక. దానికే గిన్నె కూడా జతచేసిన రకంలో గిన్నె అడుగున వేడిని పట్టే రెక్కలుంటాయి, నీళ్లు చాలా త్వరగా మరుగుతాయి, గాలిలో కూడా గ్యాస్ ఆదా అవుతుంది. టీ, ఓట్స్, నూడుల్స్ మాత్రమే చేసుకునేవాళ్లకి అది బాగా నచ్చుతుంది. దాని పొడుగాటి గిన్నెలో ఉల్లిపాయ వేయించడం మాత్రం శిక్షే, చాలావాటిలో సన్నసెగ సరిగ్గా నిలవదు. గొట్టంతో డబ్బాని దూరంగా పెట్టే మూడో రకం కొంచెం బరువు. కానీ పెద్ద గిన్నె పెట్టినా ఒరిగిపోదు, చుట్టూ గాలి అడ్డు పెట్టుకోవచ్చు. నలుగురికి వండేవాళ్లు ఇది తీసుకోవాలి. డబ్బా మీదే బిగించే రకానికి చుట్టూ గాలి అడ్డు బిగించకూడదు. వేడి కిందికి తిరిగి డబ్బా కాగి పేలే ప్రమాదం ఉంది.

చలిలో గ్యాస్ ఎందుకు మొరాయిస్తుందో తెలిస్తే డబ్బా ఎంచుకోవడం తేలిక. మామూలు బ్యూటేన్ సుమారు సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం ఆగిపోతుంది. ఐసోబ్యూటేన్ మైనస్ 12 దాకా, ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతాయి. అందుకని చలి ప్రదేశాలకి ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిపిన డబ్బా చూసి కొనండి. రాత్రి డబ్బాని స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకుంటే పొద్దున బాగా మండుతుంది. గోరువెచ్చని నీళ్లున్న గిన్నెలో నిలబెట్టినా పనవుతుంది. మంట దగ్గర పెట్టి మాత్రం వేడి చేయకండి.

గడ్డకట్టే చలిలో చాలా రోజులుండాలంటే ద్రవ ఇంధనంతో, పంపు కొట్టి వెలిగించే స్టవ్ నమ్మకమైనది. మొదలుపెట్టడం కొంచెం రచ్చ, మసి అంటుతుంది, నేర్చుకోవాలి. స్పిరిట్ స్టవ్‌లో చెడిపోయే భాగం అంటూ ఏదీ ఉండదు, చప్పుడు కూడా చేయదు. కానీ అదే బరువుకి గ్యాస్ కంటే చాలా తక్కువ వేడి ఇస్తుంది. ఎండలో దాని మంట కంటికి కనబడదు, అందుకే ఆరిపోయిందనుకుని మళ్లీ స్పిరిట్ పోసి చేతులు కాల్చుకునేవాళ్లుంటారు. పుల్లలతో మండే స్టవ్ ఇంధనం మోసే బాధ తప్పిస్తుంది, కానీ వాన పడితే పస్తే. అడవుల్లో నిప్పు నిషేధం ఉన్న రోజుల్లో పుల్లల స్టవ్‌తో పాటు ఆపే మర లేని స్పిరిట్ స్టవ్‌ని కూడా చాలాచోట్ల ఒప్పుకోరు, వెళ్లే ముందు కనుక్కోండి. విమానంలో వెళ్లేవాళ్లు గ్యాస్ డబ్బాని చేతి సంచిలోగానీ, చెక్-ఇన్ సామానులోగానీ తీసుకెళ్లలేరు. దిగిన చోట ఏ రకం ఇంధనం దొరుకుతుందో చూసి స్టవ్ ఎంచుకోవాలి.

ఎంత గ్యాస్? గాలి లేనప్పుడు లీటరు నీళ్లు మరిగించడానికి 10 నుంచి 15 గ్రాములు పడుతుంది. ఇద్దరు మనుషులు రోజుకి రెండున్నర లీటర్లు మరిగిస్తే 25 నుంచి 40 గ్రాములు, అంటే 100 గ్రాముల డబ్బా రెండు రాత్రులకి వస్తుంది. అన్నం, పప్పు ఉడికించే పనైతే 230 గ్రాముల డబ్బా పట్టుకెళ్లండి. మూత పెట్టి వండటం ఖర్చు లేని ఆదా, ఎందుకో చాలామంది మర్చిపోతారు.

టెంటు లోపల స్టవ్ వెలిగించకండి, వాన పడుతున్నా సరే. గుడ్డ అంటుకోవడం ఒక ప్రమాదమైతే, కార్బన్ మోనాక్సైడ్ ఇంకో ప్రమాదం. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు, నిద్రమత్తు అనుకునేలోపు స్పృహ పోతుంది. ఆరిపోతున్న బొగ్గుల కుంపటిని చలికి లోపల పెట్టుకోవడం కూడా అంతే ప్రాణాంతకం.

గిన్నె

టైటానియం గిన్నె దూదిలా ఉంటుంది, నీళ్లు కాచుకోవడానికి దాన్ని మించింది లేదు. వంటకి మాత్రం వద్దు. అల్యూమినియంతో పోలిస్తే వేడిని పదో వంతు కూడా ప్రవహింపజేయదు, మంట తగిలిన చోటే మాడి మిగతా చోట పచ్చిగా ఉంటుంది. స్టీలు కూడా వేడిని సరిగ్గా పంచదు, పైగా బరువు. గట్టిపూత వేసిన అల్యూమినియం గిన్నె వంట చేసేవాళ్లందరికీ సరైన మధ్యేమార్గం. ఒక మనిషికి ముప్పావు లీటరు, ఇద్దరికి లీటరున్నర చాలు. గిన్నె లోపల గ్యాస్ డబ్బా, బర్నర్ పట్టేలా కొనుక్కుంటే సంచిలో చోటు కలిసొస్తుంది.

ఏం వండాలి

మొదటి రాత్రికి ఒక తిండి, మిగతా రాత్రులకి ఇంకో తిండి అనుకోవడం మంచిది. మొదటి రాత్రికి తాజా కూరగాయలు, గుడ్లు, ఇంట్లో వండి తెచ్చినవి వాడేయండి. తర్వాత రోజులకి ఎండు సరుకులు. అప్పుడు చెడిపోతుందన్న దిగులుండదు.

నడిచేవాళ్లు తిండిని బరువుకి వచ్చే శక్తితో చూడాలి. కొవ్వు గ్రాముకి 9 కేలరీలు, పిండిపదార్థం, ప్రోటీన్ 4 చొప్పున ఇస్తాయి. అందుకే చిన్న సీసాలో నూనె, వేరుశనగ వెన్న, గింజలు బ్యాగులో ఉంటే వంటకం ఏదైనా కడుపు నింపుతుంది. నీళ్లున్న డబ్బా తిండి, రిటార్ట్ పొట్లాలు (వండి సీలు చేసినవి) తెరిచి తినేయొచ్చు, రుచీ బాగుంటుంది, కానీ మీరు మోసేది చాలావరకు నీళ్లనే. బండి ఉంటే అవి హాయి. ఫ్రీజ్-డ్రై పొట్లాలు (గడ్డకట్టించి నీరంతా తీసేసిన తిండి) తేలిక, వేడినీళ్లు పోస్తే చాలు. ఒక్కో పూటకి ఖరీదు ఎక్కువ, పొట్లం మీద ఇద్దరికి అని ఉన్నా నడిచి వచ్చిన ఒక్కరికే సరిపోతుంది. వాటిని ఒకటి రెండు అత్యవసర పూటలకి ఉంచుకుని, మిగతాది ఇంట్లో కలిపి పెట్టుకోవడమే నేను చేసే పని.

పొద్దున్నకి: ఒక మనిషికి 80 గ్రాముల ఓట్స్, రెండు పెద్ద చెంచాల పాలపొడి, గుప్పెడు ఎండుద్రాక్ష, గింజలు, చిటికెడు ఉప్పు ఒక సంచిలో కలిపి పెట్టుకోండి. త్వరగా ఉడికే ఓట్స్ అయితే వేడినీళ్లు పోసి అయిదు నిమిషాలు మూత పెడితే చాలు. స్టవ్ వెలిగించే ఓపిక లేకపోతే రాత్రే చల్లటి తాగునీళ్లు పోసి గట్టి మూత ఉన్న డబ్బాలో నానబెట్టేయండి.

మధ్యాహ్నం స్టవ్ తీయకపోవడమే మేలు. రొట్టెలు బ్రెడ్ కన్నా బాగా ఓర్చుకుంటాయి, సంచిలో నలిగినా ముక్కలు కావు. వాటి మీద వేరుశనగ వెన్న, పక్కన గట్టి చీజ్, ఎండు పళ్లు.

రాత్రికి తేలికైనది కూస్‌కూస్, గోధుమ రవ్వతో చేసే చిన్న చిన్న గింజల్లాంటిది. కొలత చాలా సులువు, ఒక కప్పుకి ఒక కప్పు మరిగే నీళ్లు, అయిదారు నిమిషాలు మూత. ఎండబెట్టిన కూరగాయల్ని మాత్రం ముందే ఆ నీళ్లలో వేసి కాసేపు మరిగించాలి, లేకపోతే పళ్ల కింద గులకరాళ్లలా తగులుతాయి. చివర్లో నూనె, ఉప్పు, ఇష్టమైన మసాలా. ఒట్టి నూడుల్స్ తిని కడుపు నిండలేదనే వాళ్లు వాటిలో ఒక చెంచా వేరుశనగ వెన్న కలిపి చూడండి.

కాస్త ఓపికుంటే బియ్యం, పొట్టు తీసిన ఎర్ర కందిపప్పు (మసూర్ పప్పు) కలిపి ఒకే గిన్నెలో ఉడికించొచ్చు. బియ్యం 80 గ్రాములు, పప్పు 40, నీళ్లు వాటి కొలతకి మూడింతలు. ముందు అరగంట నానబెట్టి, ఒక పొంగు రానిచ్చి, పది నిమిషాలు సన్నసెగన ఉంచి, స్టవ్ ఆపేసి గిన్నెని తువ్వాలు, జాకెట్‌తో బాగా చుట్టి ఇంకో పావుగంట వదిలేయండి. మిగతా ఉడుకు ఆ వేడితోనే అయిపోతుంది, గ్యాస్ దాదాపు సగం మిగులుతుంది. చల్లబడుతున్నట్టు అనిపిస్తే మళ్లీ ఒక పొంగు ఇవ్వండి.

ఎత్తు ఈ లెక్కల్ని మారుస్తుంది. ప్రతి 300 మీటర్లకి నీళ్లు మరిగే ఉష్ణోగ్రత సుమారు 1 డిగ్రీ తగ్గుతుంది. 3000 మీటర్ల మీద నీళ్లు 90 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. గిన్నెలో బుడగలొస్తున్నా పప్పు ఉడకకపోవడానికి కారణం అదే. అక్కడికి బియ్యం, పప్పు మోయడం కంటే ఇంట్లో ఉడికించి ఎండబెట్టినవి, కూస్‌కూస్, సన్న నూడుల్స్ తీసుకెళ్లడం తెలివైన పని. రాజ్మా లాంటి చిక్కుడు గింజల్ని ఎక్కడా నానబెట్టి అలాగే తినకండి, అరకొరగా ఉడికించీ తినకండి. వాటిలో ఉండే విషపదార్థం కనీసం పది నిమిషాలు గట్టిగా మరిగితేనే పోతుంది. లోపలి దాకా మెత్తబడాలంటే ఇంకా చాలాసేపు ఉడకాలి.

వండిన అన్నం మిగిలితే పొద్దున్నకి దాచకండి. బియ్యంలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. వెచ్చగా వదిలేసిన అన్నంలో అవి పెరిగి విషం చేస్తాయి, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. పాడయ్యే తిండి ఏదైనా బయట రెండు గంటలు, 32 డిగ్రీలు దాటిన ఎండలో ఒక గంట, అంతకు మించి ఉంచకూడదు.

బండిలో ఐస్ బాక్స్ తీసుకెళ్లేవాళ్లు ముక్కల ఐస్ బదులు నీళ్ల సీసాల్ని గడ్డకట్టించి పెట్టండి. పెద్ద గడ్డ నెమ్మదిగా కరుగుతుంది, కరిగాక తాగొచ్చు. చల్లటి డ్రింకులకి వేరే పెట్టె ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే అస్తమానం తెరిచేది దాన్నే. పచ్చి మాంసం రెండు సంచుల్లో కట్టి అడుగున ఉంచాలి, లోపల 4 డిగ్రీలు దాటకూడదు.

నీళ్లు

వంటకి, తాగడానికి వాగు నీళ్లు వాడాలంటే దారులు నాలుగున్నాయి. మరిగించడం అన్నిటికన్నా గట్టిది: బాగా తెర్లుతూ ఒక నిమిషం, 2000 మీటర్లు దాటితే మూడు నిమిషాలు. గ్యాస్ ఖర్చే ఇబ్బంది. పీచు గొట్టాల ఫిల్టర్ వెంటనే నీళ్లిస్తుంది, బ్యాక్టీరియాని, పరాన్నజీవుల్ని ఆపుతుంది, వైరస్‌లని ఆపదు. ఒకసారి తడిశాక అది గడ్డకడితే లోపల పగిలిపోతుంది, పైకి తెలియదు కూడా, అందుకని చలి రాత్రి దాన్ని కూడా పక్కలో పెట్టుకుని పడుకోవాలి. క్లోరిన్ డయాక్సైడ్ మాత్రలు తేలిక, కానీ క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవిని చంపడానికి నాలుగు గంటలు పడుతుంది. అతినీలలోహిత కాంతి పరికరం తేటనీటికే పనికొస్తుంది, పైగా బ్యాటరీ కావాలి. ఇద్దరు ముగ్గురికి ఫిల్టర్, దానికి తోడు సంచిలో మాత్రల పొట్లం, ఇది నా ఎంపిక. మనుషులు, పశువులు ఎక్కువ తిరిగే చోటి నీళ్లయితే ఫిల్టర్ చేశాక మరిగించండి కూడా.

గిన్నెలు వాగులో కడగకండి. నీళ్లు తెచ్చుకుని, ఒడ్డుకి కనీసం 60 మీటర్ల దూరంలో కడిగి, మెతుకులు వడగట్టి చెత్త సంచిలో వేసి, నీళ్లని నేల మీద చెదరగొట్టాలి. తిండి, టూత్‌పేస్ట్, సబ్బు టెంటులో పెట్టుకుని పడుకోవద్దు, ఎలుక నుంచి ఎలుగుబంటి దాకా అన్నిటికీ వాసన పిలుపే. బండి ఉంటే అందులో తాళం వేయండి, లేకపోతే గట్టి డబ్బాలో పెట్టి దూరంగా ఉంచండి లేదా చెట్టుకి ఎత్తులో కట్టండి.

అద్దెకా, కొనాలా?

మొదటిసారికి టెంటు, స్లీపింగ్ బ్యాగ్ అద్దెకి తీసుకోండి, లేదా తెలిసినవాళ్ల దగ్గర అడగండి. డోమ్ నచ్చుతుందో, ఈకల బ్యాగ్ అవసరమో లేదో వాడితేనే తెలుస్తుంది. మ్యాట్, తల దీపం (హెడ్‌ల్యాంప్), వంట గిన్నె మాత్రం సొంతానివి కొనుక్కోవచ్చు. తల దీపం టార్చి కన్నా ఎందుకు మేలో చీకట్లో ఒక చేత్తో గిన్నె పట్టుకుని ఇంకో చేత్తో గరిటె తిప్పినప్పుడు తెలుస్తుంది. ఎర్ర లైటు కూడా ఉన్నది చూడండి, పక్కవాళ్ల కళ్లలో కొట్టదు. స్టవ్ అద్దెకి తెస్తే డబ్బాకి బిగించి, కీలు దగ్గర సబ్బు నీళ్లు రాసి బుడగలొస్తున్నాయేమో ఆరుబయటే చూసుకోవాలి. టెంటు అద్దెకి తెచ్చిన రోజే ఒకసారి పూర్తిగా వేసి చూడండి: జిప్‌లు చివరిదాకా నడుస్తున్నాయా, పోల్స్ లోపలి సాగే తాడు తెగిందా, కుట్ల మీద టేపు లేచిందా, పెగ్గులు లెక్కకి సరిపోయాయా. పెగ్గులు ఒకటి రెండు ఎప్పుడూ తక్కువే ఉంటాయి, విడిగా నాలుగు కొని సంచిలో వేసుకోండి.